గుండీల డబ్బా

(చిలకలగూడలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం అక్కడక్కడ సవరించి ఇస్తున్నాను.)



మన సమావేశాలలో మామూలుగా వచ్చే విషయాలు మీకు తెలిసినవే. కరువు భత్యం బకాయిలు, లైఫ్ సర్టిఫికెట్టు, ఆసుపత్రిలో దొరకని మందులు. ఈసారి కుటుంబాలతో వస్తున్నారు కాబట్టి వేరే ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు ఫోన్ చేశారు. "గుండీల గురించి చెప్పమంటారా?" అన్నాను. అవతల ఒక నిమిషం మాట లేదు. తర్వాత మెల్లగా, "ఏమైందండీ, ఈ.సి.జి. తీయించారా?" అన్నారు. ఆయన గుండె అనుకున్నారు. నేనన్నది చొక్కా గుండీలు.

కోస్తా నుంచి వచ్చిన మా ఆవిడ వీటిని బొత్తాలంటుంది. ఇక్కడ పుట్టి పెరిగిన నేను గుండీలంటాను. పెళ్ళయి యాభై ఏళ్ళు దాటినా ఈ ఒక్క విషయంలో మాకు రాజీ కుదరలేదు. బొత్తాము అన్న మాట పోర్చుగీసు వాళ్ళ దగ్గర నుంచి మన భాషలోకి వచ్చింది. ఆమాట చెప్పి, మీది కూడా పరాయి మాటే అని నేను ఆవిడను దెప్పుతుంటాను. పేరేదైనా, మా ఇంట్లో ప్రస్తుతం నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. అన్నీ లోహపువే. చిలకలగూడలో చిలకల కోసం వెదికే వాడికన్నా నేను కొంచెం నయమని నా అభిప్రాయం.

దీనికంతటికీ మూలం ఒక స్టీలు టిఫిన్ క్యారేజీ.

మా నాన్న నిజాం స్టేట్ రైల్వేలో గార్డు. ఎండాకాలం తెల్ల డ్రిల్లు కోటు, చలికాలం నీలం సెర్జి కోటు. తెల్ల కోటు గుండీలు కుట్టినవి కావు. గుండీ వెనుక ఇత్తడి కొండి ఉండేది, దాన్ని కోటుకున్న చిన్న చిల్లులోంచి లోపలికి తోసి, లోపలి వైపు ఒక తీగ రింగు తొడిగేవారు. చాకలికి వేసే ముందు అన్నీ ఊడదీయడం, వచ్చాక మళ్ళీ తొడగడం నా పని. సెర్జి కోటువి ఊడదీయకుండానే తోమాలి. దానికి మధ్యలో చీలిక ఉన్న ఒక ఇత్తడి రేకు ఉండేది. దాన్ని గుండీల వెనుకకు దూర్చితే పాలిష్ మరక కోటుకు అంటదు. పాలిష్ డబ్బా ఖర్చని మా అమ్మ చింతపండు, ఇటుక పొడి వాడేది. ఇక్కడ కూర్చున్నవారిలో కనీసం పదిమందికి ఈ వాసన గుర్తొస్తూ ఉంటుంది.

నాన్న 1974లో పోయారు. మరుసటి సంవత్సరం నేను ఆఫీసుకు వెళ్ళిన వేళ పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె వచ్చింది. అమ్మ నాన్నగారి కోట్లు రెండూ, ఒక పాత చీరా ఇచ్చి మూడు గిన్నెల టిఫిన్ క్యారేజీ తీసుకుంది. సాయంత్రం వచ్చి చూస్తే పెట్టెలో కోట్లు లేవు. అమ్మ మీద కేకలు వేశాను. ఆమె ఒక్కటే అన్నది. "ఆ కోటు కనపడినప్పుడల్లా నీకేమీ అనిపించదేమో, నాకనిపిస్తుందిరా." నేను మరి మాట్లాడలేదు. ఆ క్యారేజీలోనే రిటైరయ్యేదాకా మధ్యాహ్న భోజనం తీసుకువెళ్ళాను.

రెండు కోట్లకు కలిపి డజను గుండీలు ఉండాలి. ఒక్కటి మిగిలింది. కొండి వదులై ఎప్పుడో ఊడితే అమ్మ దాన్ని తాళాల గుత్తికి కట్టుకుంది. ఆ ఒక్క గుండీ నన్ను ఈ వ్యవహారంలోకి దింపింది.

ఇక్కడ కొంచెం రైల్వే చరిత్ర చెప్పాలి. తెలిసినవాళ్ళు క్షమించాలి. వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. 1885 నుంచి ఆ లైను నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ చేతిలో ఉంది. కంపెనీ లండన్‌లో, గ్యారంటీ నిజాం ఖజానాది. బెజవాడ దాకా లైను పూర్తయింది 1889లో, మన లాలాగూడ వర్క్‌షాపు వచ్చింది 1893లో. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీ దగ్గర నుంచి రైల్వేను తీసుకుంది. అప్పటి నుంచి పేరులో 'గ్యారంటీడ్' పోయి, నిజాం స్టేట్ రైల్వే అయింది. 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న మన దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

గుండీలు పోగుచేసేవాడికి ఇదంతా పంచాంగం లాంటిది. గుండీ మీద ఎన్.జి.ఎస్.ఆర్. అని నాలుగు అక్షరాలుంటే 1930కి ముందుది. ఎన్.ఎస్.ఆర్. అని మూడే ఉంటే 1930కి, 1951కి మధ్యది. ఎం.ఎస్.ఎం.ఆర్. అంటే మద్రాసు సదరన్ మరాఠా, అది 1951 ఏప్రిల్‌లో సదరన్ రైల్వేలో కలిసిపోయింది. బి.ఎన్.ఆర్. అంటే వాల్తేరు వైపున నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వే. పల్టనుల గుండీలైతే కిరీటం చూడాలి. విక్టోరియా రాణి కాలపు కిరీటం ఆకారం వేరు, 1901 తర్వాత వచ్చిన రాజుల కిరీటం ఆకారం వేరు. కిరీటం పోయి మూడు సింహాలు కనబడితే మనది రిపబ్లిక్ అయిందన్నమాట. వెనక్కు తిప్పితే తయారుచేసినవాడి పేరు ఉంటుంది. మన దేశానికి వచ్చినవాటిలో లండన్ ఫర్మిన్, బర్మింగ్‌హామ్ గాంట్ కంపెనీల పేర్లు తరచు కనిపిస్తాయి. బర్మింగ్‌హామ్ ఈ పనికి పెట్టింది పేరు. ఆవిరి యంత్రంలో జేమ్స్ వాట్‌కు భాగస్వామి అయిన మాథ్యూ బౌల్టన్ అంతకుముందు నుంచీ అక్కడ గుండీలు తయారుచేసినవాడే. ఆ లెక్కన రైలింజనుకు, గుండీకి చుట్టరికం ఉన్నదని మా మనవడితో అంటే, "అన్నీ రైలుకే తెచ్చి కడతావు తాతయ్యా" అన్నాడు.

సరే, నా దగ్గర మిగిలిన గుండీ సంగతి. నాన్న ఉద్యోగంలో చేరింది 1934లో. కాని ఆ గుండీ మీద నాలుగు అక్షరాలున్నాయి. అంటే నాన్న చేరడానికి కనీసం నాలుగేళ్ళ ముందుది. స్టోర్సు వాళ్ళు పాత సరుకు ఇచ్చి ఉంటారనుకున్నాను. రైల్వే స్టోర్సు సంగతి మనకు తెలియనిదా! చాలాకాలం అలాగే అనుకున్నాను. 1988లో ఒకరోజు మాటల మధ్యలో అమ్మను అడిగాను. ఆమె నవ్వి, అది మీ తాతదిరా అన్నది. మా తాత అదే లైనులో పాయింట్స్‌మన్‌గా చేసి 1933లో పోయాడు. నాన్న ఆయన గుండీ ఒకటి తీసి తన కోటుకు అన్నిటికన్నా కింద పెట్టుకున్నాడట. బెల్టు కింద పడుతుంది కాబట్టి ఇన్‌స్పెక్షన్‌లో ఎవరికీ కనపడదు. కోటు మార్చినప్పుడల్లా దాన్నీ మార్చేవాడు. నాన్న కోటుకు ఎన్నోసార్లు ఆ గుండీలు తొడిగినవాణ్ణి నేనే. ఒకదాని మీద ఒక అక్షరం ఎక్కువ ఉన్నదని నాకు ఎన్నడూ కనపడలేదు. అమ్మ 1991లో పోయింది. ఆవేళ అడగకపోయి ఉంటే ఈరోజు మీ ముందు నిలబడి స్టోర్సు వాళ్ళ మీద జోకు వేసి ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు రెండో రకానికి వస్తాను. కార్యదర్శిగారు చేసిన ప్రకటనలో "కోటలు, గుర్రాలు ఉన్న గుండీలు" అన్నది దీని గురించే. పిల్లలు దానికోసమే వచ్చారని తెలుసు.

1971లో మెట్టుగూడలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు గారి భార్య ఇల్లు ఖాళీ చేసి ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నారు. ఆయన అప్పటికే లేరు. ఆ రోజుల్లో ఆ కుటుంబాలు ఒక్కొక్కటే వెళ్ళిపోతుండేవి. నాన్న ఆయన బండికి గార్డుగా చాలా ఏళ్ళు పనిచేశారు. మేము ఆవిడను ఆంటీ అనే పిలిచేవాళ్ళం. అమ్మ రవికెలు కుడుతుందని తెలిసి, తన సింగర్ మిషను అరవై రూపాయలకు ఇచ్చారు. రిక్షాలో ఇంటికి తెచ్చి చూస్తే మిషను సొరుగులో ఒక చిన్న బిస్కట్ల డబ్బా, దానినిండా గుండీలు. అమ్మ తనకు కావలసిన చిన్నవి, తెల్లవి ఏరుకుని మిగిలినవి అలాగే ఉంచింది. పెద్దవి రవికెకు పనికిరావుగా.

ఆ పెద్దవి పదిహేడు. అంగుళం నుంచి అంగుళంన్నర దాకా వెడల్పు. మన దర్జీలు 'లైను' లెక్కన చెబుతారు, నలభై లైన్లు ఒక అంగుళం. చొక్కా గుండీ పద్ధెనిమిది లైన్లయితే వీటిలో కొన్ని అరవై. ఒక్కొక్కదాని మీద ఒక బొమ్మ. ఇనుప కవచం తొడిగిన వీరుడు గుర్రం మీద ఉన్నాడు. చేతి మీద డేగను కూర్చోబెట్టుకున్న దొరసాని వేటకు పోతున్నది. కిటికీ కింద నిలబడి వీణ లాంటి వాద్యం వాయించే పాటగాడు. హంస లాగుతున్న పడవలో నిలబడ్డ యోధుడు. రెండు బురుజుల కోట, దాని ముందు వంతెన. ఇవి ఏమిటో పన్నెండేళ్ళ పాటు నాకు తెలియదు. మా పిల్లలు వాటితో క్యారంబోర్డు ఆడారు.

1983లో అప్పటి హైదరాబాదు బ్రిటిష్ లైబ్రరీలో ఏదో వెదుకుతుంటే పాత దుస్తుల మీద ఒక పుస్తకం దొరికింది. అందులో మా క్యారమ్స్ కాయల బొమ్మ ఉన్నది! లైబ్రరీలో గట్టిగా అరిచినంత పని చేశాను.

విషయం ఏమంటే, పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా యూరపులో ఆడవాళ్ళ పెద్ద కోట్లకు, శాలువా కోట్లకు బొమ్మల గుండీలు పెట్టుకునే మోజు ఉండేది. పారిస్, బర్మింగ్‌హామ్, జర్మనీ, బొహీమియాలలో లక్షల మీద తయారయ్యాయి. గట్టి ఉక్కు అచ్చులో బొమ్మను లోపలికి తిరగేసి చెక్కుతారు. దాని మీద పల్చటి ఇత్తడి రేకు పెట్టి పైనుంచి బరువు దించితే బొమ్మ ఉబ్బి లేస్తుంది. ఆ రేకు అంచులను ఒక ఇనుప బిళ్ళ వెనుకకు మడిచి నొక్కుతారు. బిళ్ళకు కొండి. తర్వాత అసలు పనితనం. ఇత్తడికి పలుచని రంగు నీళ్ళు పట్టించి, ఎత్తుగా ఉన్న భాగాల్లో దాన్ని రుద్ది తీసేస్తారు. అప్పుడు కోట గోడ మెరుస్తుంది, కందకం చీకటిగా ఉంటుంది. కొన్నిటికి అంచున సానబెట్టిన ఉక్కు పలుకులు. వెనుక టి.డబ్ల్యు. అండ్ డబ్ల్యు. అని, కింద పారిస్ అని ఉంటే అది ట్రెలాన్, వెల్డన్, వీల్ అనే కంపెనీది.

కోటలూ యోధులే ఎందుకని అడగవచ్చు. ఆ శతాబ్దంలో వాళ్ళకు తమ మధ్యయుగాల మీద విపరీతమైన ప్రేమ పుట్టింది. వాల్టర్ స్కాట్ రాసిన ఐవాన్హో 1819లో వచ్చింది. మనలో చాలామంది దాన్ని స్కూల్లో పాఠంగా చదివి తిట్టుకున్నవాళ్ళమే. ఒకవైపు ఫ్యాక్టరీ గొట్టాలు, రైళ్ళు, పొగ. మరొకవైపు కోటలు, డేగలు, పాటగాళ్ళ కథలు. ఆ పొగగొట్టాల కిందే, ఆ యంత్రాల మీదే ఈ కోటల బొమ్మలు నొక్కారన్నది నాకు ఎప్పుడు తలచుకున్నా నవ్వు తెప్పిస్తుంది. నాటకాలు కూడా కారణమే. హంస పడవలో యోధుడు లోహెన్‌గ్రిన్, వాగ్నర్ సంగీత నాటకంలో నాయకుడు. అది 1850లో మొదటిసారి ఆడారు. కిటికీ కింద పాటగాడు వెర్డీ ఇల్ ట్రొవతోరె అనే నాటకం వల్ల ప్రసిద్ధుడయ్యాడని చెబుతారు. మన దగ్గర సినిమా హీరో బొమ్మ అగ్గిపెట్టె మీదకు వచ్చినట్టే అనుకోండి.

అమెరికాలో వీటిని పోగుచేసేవాళ్ళు 1938లోనే జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లండులో 1976లో పెట్టుకున్నారు. అమెరికాలో పూర్వం పెళ్ళికాని అమ్మాయిలు రకరకాల గుండీలు దారానికి గుచ్చేవారట. తొమ్మిదివందల తొంభై తొమ్మిది పూర్తయ్యాక, వెయ్యోది పెళ్ళికొడుకు తెస్తాడని నమ్మకం. మన వైపు అది తిరగబడింది. అల్లుడి లాల్చీకి గొలుసుతో సహా బంగారు గుండీలు మామగారే పెట్టాలి. నాకు మా మామగారు వెండివి పెట్టారు. దాని గురించి ఇక్కడ ఎక్కువ మాట్లాడితే ఇంటికి వెళ్ళాక ఇబ్బంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

పుస్తకం చూసి వచ్చిన ఉత్సాహంలో పదిహేడింటినీ బల్ల మీద పరిచాను. కోట ఉన్న గుండీ అన్నిటికన్నా బాగున్నది కాని నల్లబడి ఉంది. గార్డు కొడుకును కదా, మెరిపించడం నాకు రాదా అనుకున్నాను. ఇత్తడి పాలిష్ వేసి, పాత బనియన్ ముక్కతో అరగంట తోమాను. బంగారంలా మెరిసింది. కాని కందకం పోయింది. గోడ మీది రాళ్ళ మధ్య గీతలు పోయాయి. నల్లగా ఉన్నది మురికి కాదు, వందేళ్ళ కిందట పనివాడు పట్టించిన రంగు. ఎత్తు పల్లాలు కంటికి కనిపించేట్టు చేసినదే అది. మిగిలినది కోట ఆకారంలో ఉన్న ఒక ఇత్తడి బిళ్ళ. మిగతా పదహారింటిని ముట్టుకోలేదు. యూనిఫారం గుండీ తోమడానికే పుట్టింది, బొమ్మ గుండీ తోమితే చస్తుంది. ఈ తేడా ఆవేళ తెలిసింది.

దీనితోపాటు మరొక ఆలోచన పట్టుకుంది. ఆ డబ్బా మేము కొన్నది కాదు. మిషను కొన్నాం. సొరుగు ఖాళీ చేయడం ఆంటీ మరిచిపోయారు, మనం నోరు మూసుకుని ఉంచుకున్నాం అని. పదమూడేళ్ళ తర్వాత ఇదేం బాధ అని మా తమ్ముడు కోప్పడ్డాడు. ఆవిడ వెళుతుండిన చర్చిలో అడిగి, ఆస్ట్రేలియా చిరునామా సంపాదించి 1984లో ఉత్తరం రాశాను. గుండీలున్నాయి, అవి మీవి, పంపమంటే పంపుతాను అని. తోమిన సంగతి రాయలేదు.

ఏడెనిమిది నెలలకు జవాబు వచ్చింది. వణుకుతున్న అక్షరాలు. మరిచిపోయి వదిలానని అనుకోవద్దనీ, బట్టలు కుట్టే మనిషికి గుండీలు పనికొస్తాయని కావాలనే డబ్బా సొరుగులో ఉంచాననీ రాశారు. అన్నీ మీవే, పిల్లలకిచ్చుకోండి అన్నారు. కింద మరో రెండు పంక్తులు. అందులో వంతెన, కోట ఉన్నది ఒకటి ఉండాలి, అది మా అమ్మ కోటు మెడ దగ్గరిది, అది ఒక్కటీ వదలకుండా ఉండవలసింది, ఇంకా ఉంటే, మీకు కష్టం కాకపోతే పంపగలరా అని.

ఆ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు తిరిగాను. దొరకలేదని రాద్దామా అనుకున్నాను. దాని బదులు హంస పడవది పంపుదామా అని కూడా అనుకున్నాను, అది దానికన్నా మంచిది. చివరకు మా ఆవిడకు చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ, "ఆవిడ అడిగింది వాళ్ళమ్మ బొత్తాం. మెరుపు అడగలేదుగా. ఉన్నదున్నట్టు రాసి పంపండి," అన్నది. అలాగే రాసి, దూదిలో చుట్టి, చిన్న రేకు డబ్బాలో పెట్టి రిజిస్టరు చేసి పంపాను. ఆ డిసెంబరులో క్రిస్మస్ కార్డు వచ్చింది. అందింది, కోటు మెడకు కుట్టుకున్నాను అని ఒకే వాక్యం. పాలిష్ గురించి మాట లేదు. కోప్పడ్డారో, కళ్ళు సరిగా కనపడలేదో, పోనీలే అనుకున్నారో ఇప్పటికీ తెలియదు. తర్వాత కార్డులు రాలేదు.

అందుకని ఈరోజు మీరు చూడబోయేవి పదహారు. కోట లేదు.

పదిమందీ అడిగే ప్రశ్న ఒకటుంది. వాళ్ళ యోధులు, వాళ్ళ కోటలు సరే, మన మధ్యయుగాల బొమ్మలున్న గుండీలు లేవా? ఉన్నాయి. మైసూరు సంస్థానపు సైన్యం గుండీల మీద గండభేరుండం ఉంటుంది, రెండు తలల పక్షి. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయలు దాన్నే తన బంగారు నాణేల మీద వేయించాడు. పారిస్ వాడు మోజు కోసం వేశాడు, మైసూరు వాళ్ళు వారసత్వం కోసం వేశారు. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. నా దగ్గర ఉన్నది ఒకటే, జుమ్మెరాత్ బజారులో తాళాలు, మొలల గుట్టలోంచి దొరికింది. దుకాణదారుడు దాన్ని తూకం లెక్కన ఇచ్చాడు.

ఇక మన చార్మినార్ ఉంది. 1591లో కట్టినదాన్ని మధ్యయుగం అనవచ్చా అని చరిత్ర మాస్టార్లు గొడవ పడితే పడనివ్వండి. మహబూబ్ అలీ ఖాన్ పాలన చివరి రోజుల్లో హైదరాబాదు రూపాయి మీదకు చార్మినార్ వచ్చింది. దాని కమాను మధ్యలో ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్‌కు మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాక ఐన్. ఆ నాణేలకు వెనుక కొండి అతికించి గుండీలు చేసుకున్నవాళ్ళున్నారు. లంబాడీ ఆడవాళ్ళు రవికెలకు, ఓణీలకు నాణేలు కుట్టుకోవడం మీరంతా చూసినదే. నా దగ్గర అటువంటివి నాలుగున్నాయి. నాణేలు పోగుచేసేవాళ్ళు కొండి అతికించి నాణెం పాడుచేశారని ముఖం చిట్లిస్తారు. నాకు ఆ కొండే కావాలి. అది లేకపోతే ఎవరో తొడుక్కున్నారన్న ఆధారం ఏముంది?

నిజాంగారి నగల్లోనూ గుండీలున్నాయి. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్న 173 నగలలో వజ్రాల గుండీలు కూడా చేరి ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001లో ప్రదర్శనకు పెట్టినప్పుడు చాలామంది జాకబ్ వజ్రం ముందు క్యూ కట్టారు. నేను గుండీల దగ్గర నిలబడితే కాపలా పోలీసు అనుమానంగా చూశాడు.

జాగ్రత్తల గురించి రెండు మాటలు. ఎందుకంటే మీ ఇళ్ళలో కూడా ఉంటాయి. బొమ్మ గుండీని నీటితో కడగవద్దు, వెనుక ఇనుప బిళ్ళ తుప్పు పడుతుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. పచ్చని చిలుము కనిపిస్తే వెదురు పుల్లతో మెల్లగా గీకాలి, సూదితో కాదు. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి పెడితే వానాకాలంలో లోపలే చెమ్మపడుతుంది. మనందరి ఇళ్ళలో మందు సీసాలకు కొదవలేదు కదా, వాటిలో వచ్చే చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు పారేయకండి, గుండీల డబ్బాలో వేయండి. కొనేటప్పుడు అయస్కాంతం, భూతద్దం దగ్గర ఉండాలి. ఈమధ్య కొత్తగా పోతపోసి పాతవని అమ్ముతున్నారు. పోత పోసినదానికి గీతలు మొద్దుగా ఉంటాయి, బరువు ఎక్కువ. ధర గురించి ఆశ పెట్టుకోవద్దు. చాలావాటికి పెద్ద ధర లేదు. నాకు ఖర్చైనదంతా బస్సు చార్జీలే.

చివరగా నేను అడగవలసింది ఒకటున్నది. నాకు ఎనభై ఒకటి. నిరుడు ఒక వ్యాపారి ఇంటికి వచ్చి మొత్తం కొంటానన్నాడు. మా అబ్బాయి, నీ ఇష్టం నాన్నా, నాకైతే ఏది ఏదో తెలియదు అన్నాడు. వాడన్నది నిజం. తాత గుండీని, జుమ్మెరాత్ బజారు గుండీని పక్కపక్కన పెడితే నేను లేని రోజున రెండూ ఒకటే. అందుకని ఆరు నెలలుగా ఒక్కొక్కదానికీ చీటీ రాస్తున్నాను. ఎవరి కోటుది, ఏ ఉద్యోగం, ఏ స్టేషన్, ఎక్కడ దొరికింది, ఎవరు చెప్పారు. రెండు వందల పది అయ్యాయి. తెలియనిచోట ఖాళీ వదిలాను, ఊహించి రాయలేదు. చీటీలు పూర్తయ్యేదాకా ఎవరికీ ఇవ్వనని వ్యాపారికి చెప్పి పంపాను.

ఇందులో మీ సాయం కావాలి. మన సికింద్రాబాదు స్టేషన్ పాత కమానులు 2025లో పడగొట్టినప్పుడు ఇక్కడున్నవాళ్ళలో చాలామంది వెళ్ళి నిలబడి చూసి వచ్చాం. దాన్ని ఆపడం మన చేతిలో లేదు. మీ పెట్టెలో ఉన్న కోటు మీ చేతిలోనే ఉంది. నాన్నదో, మామగారిదో, భర్తదో ఒక్క గుండీ ఉన్నా నాకు ఇవ్వనక్కర లేదు. మీ దగ్గరే ఉంచుకోండి. ఒక కాగితం మీద వారి పేరు, ఉద్యోగం, సంవత్సరాలు రాసి దానికి దారంతో కట్టండి. రాయడానికి చూపు ఆనకపోతే మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను, కట్టమైసమ్మ గుడి దగ్గర నుంచి నడిచి రాగలిగిన దూరమే. మీరు చెబితే నేను రాస్తాను. మా ఆవిడ టీ ఇస్తుంది, బొత్తాలు అంటేనే ఇస్తుంది.

అట్టపెట్టెలు రెండూ కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. ఎడమ వైపు రైల్వేవి, కుడి వైపు బొమ్మలవి. రైల్వేవి పిల్లలు చేత్తో పట్టుకుని చూడవచ్చు. బొమ్మలవి మాత్రం అద్దం మీది నుంచే చూడండి. అన్నిటికన్నా కింద వరుసలో తాళాల గుత్తి రింగుతో ఉన్నది మా తాతది. దాన్ని కూడా పట్టుకోవచ్చు, అదేమీ అనుకోదు.